గుర్రం ముందుకాలు - మనిషి చెయ్యి



గుర్రం పేరు వినగానే మన రాయచూరు సీమ వాళ్ళకు ముందుగా గుర్తుకొచ్చేది యుద్ధాలు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ అంతర్వేది కోసం విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు, వారి తర్వాత బీజాపురం సుల్తానులు తరతరాలుగా పోరాడారు. 1520 మే నెలలో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు దగ్గర ఇస్మాయిల్ ఆదిల్‌షా సేనను ఓడించాడు. ఆ రోజుల్లో మేలుజాతి గుర్రాలు అరేబియా, పారశీక దేశాల నుంచి సముద్రం దాటి పడమటి తీరపు రేవులకు వచ్చేవి. విజయనగరంలో కొంతకాలం ఉన్న ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు తన వృత్తాంతంలో రాయలు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని రాశాడు. అంతకు ముందు సాళువ నరసింహుని కాలంలో ఓడలో చనిపోయిన గుర్రానికి కూడా, దాని తోక తెచ్చి చూపితే చాలు, బ్రతికున్న గుర్రానికిచ్చే ధరే ఇచ్చేవారట. గుర్రానికి ఉండిన విలువ అటువంటిది.

ఇప్పుడు ఆ సైన్యాలూ లేవు, ఆ లాయాలూ లేవు. అయినా గుర్రం మన ఊళ్ళ నుంచి పూర్తిగా పోలేదు. మా గబ్బూరు వంటి పల్లెల్లో కూడా పెళ్ళి ఊరేగింపుకు గుర్రం కావాలి. కోతలయ్యాక గొర్రెల మందలతో వలస తిరిగే కాపరులకు గుడారం, గిన్నెలు, చంటిపిల్లలను మోయడానికి తట్టువ కావాలి. గుర్రాలైతే కొన్ని మిగిలాయి గానీ, వాటిని చూసి రోగం చెప్పే సలోత్రులు, గిట్ట చెక్కి లాడం కొట్టే నాల్‌బందులు తగ్గిపోయారు. అందువల్ల ఏం జరుగుతోంది? గుర్రం ముందుకాలు కుంటితే చాలు, "భుజం పట్టింది" అని చెప్పి, ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి భుజం మీద వాత పెట్టిస్తున్నారు. నొప్పి కింద గిట్టలో, వాత పైన భుజం మీద. ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ముందుకాలి నిర్మాణం తెలియాలి. దానికి గుర్రమే ఎదురుగా ఉండనక్కరలేదు. మీ చెయ్యి ఉంటే చాలు.

ఏదీ, మీ కుడి అరచేతిని బల్ల మీదనో, నేల మీదనో ఆనించండి. ఇప్పుడు మణికట్టు పైకెత్తి వేళ్ళ కొనల మీద చేతిని నిలబెట్టండి. బొటనవేలు తీసేయండి, చిటికెనవేలు తీసేయండి. మిగిలినవి మూడు. ఉంగరపువేలు, నడిమివేలు ఉంచి చూపుడువేలు కూడా ఎత్తేస్తే అది ఎద్దు కాలు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉండడానికి కారణం ఇదే. ఇక ఉంగరపువేలు కూడా ఎత్తేసి, ఒక్క నడిమివేలి కొన మీద చేతిని నిలపండి. అదీ గుర్రం ముందుకాలు. గుర్రం నాలుగు కాళ్ళ మీదా నాలుగు నడిమివేళ్ళతో నిలబడుతుంది. దాని గిట్ట మన గోరు వంటిదే, కాకపోతే వేలి కొనను చుట్టూ కప్పేంతగా పెరిగిన గోరు.

ఇది నేడో నిన్నో వచ్చిన మార్పు కాదు. సుమారు ఐదున్నర కోట్ల ఏళ్ళ కిందట గుర్రాల పూర్వజంతువు నక్కంత ఉండేది. దాని ముందుకాలికి నాలుగు వేళ్ళుండేవి. అడవుల్లోంచి గడ్డిమైదానాలకు వచ్చి పరుగే బ్రతుకుతెరువైన కొద్దీ పక్క వేళ్ళు చిన్నవవుతూ వచ్చి చివరికి ఒక్కటే మిగిలింది. ఆ పోయిన వేళ్ళ గుర్తు ఇంకా ఉంది. గుర్రం మోకాలి కింద, పెద్ద ఎముకకు ఇరువైపులా రెండు సన్నటి పుల్లల్లాంటి ఎముకలు చేతికి తగులుతాయి. అవి మన చూపుడువేలికి, ఉంగరపువేలికి సంబంధించిన అరచేతి ఎముకల అవశేషాలు.

ఇప్పుడు వేలి కొన నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ పోదాం. గిట్టలోపల ఒక కీలు, దాని పైన ఒక కీలు, ఆ పైన వెనకవైపు వెంట్రుకల కుచ్చు ఉండే కీలు. ఈ మూడూ మన వేలికున్న మూడు కణుపులు. కుచ్చు కీలు మన పిడికిలి బిగిస్తే పైకి కనిపించే గుబ్బ. దాని పైన ఉండే పొడవాటి ఎముక మన అరచేతి ఎముక. ఆ పైన మనం గుర్రం "మోకాలు" అని పిలిచేది నిజానికి మోకాలు కాదు, మన మణికట్టు. తెలుగులోనూ కన్నడంలోనూ మణికట్టును మణికట్టే అంటాం గనుక సరిహద్దు పిల్లలకు ఈ మాట రెండుసార్లు నేర్పనక్కరలేదు. అసలు మోచెయ్యి ఎక్కడుందంటే, పొట్టకు ఆనుకొని, జీను పట్టెడ కట్టేచోటికి కాస్త ముందు ఉంది. భుజం కీలు రొమ్ముకు పక్కగా ముందుకు పొడుచుకొచ్చిన చోట ఉంది. ఆ పైన మూపు దాకా వాలుగా ఉన్నది రెక్క ఎముక.

ఇక్కడ ఒక విశేషం. మన మెడ కింద, రొమ్ము నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే ఎముకను జత్రుక అంటారు. అది మన చేతిని మొండెంతో ఎముకకు ఎముకగా కలుపుతుంది. గుర్రానికి జత్రుక లేదు. అంటే ముందుకాలికీ మొండేనికీ మధ్య ఎముకల కీలు ఒక్కటి కూడా లేదు. మరి అంత పెద్ద మొండెం దేని మీద నిలబడింది? కండరాల మీద. రెక్క ఎముక లోపలివైపు నుంచి విసనకర్రలా విచ్చుకొని, రంపపు పళ్ళలా పక్కటెముకలను పట్టుకొనే ఒక పెద్ద కండరం ఇటూ అటూ ఉంటుంది. రొమ్ము కింది నుంచి మరికొన్ని కండరాలు వచ్చి చేరతాయి. రెండు కొయ్యల మధ్య చీర ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టినట్టు, రెండు ముందుకాళ్ళ మధ్య గుర్రం రొమ్ము వేలాడుతూ ఉంటుంది. గుర్రం నిలబడి ఉన్నప్పుడు దాని బరువులో సుమారు అరవై వంతులు ముందుకాళ్ళ మీదే పడుతుంది. మూడు వందల కిలోల తట్టువ ఉందనుకోండి, ఒక్కొక్క ముందుకాలి మీద తొంభై కిలోలు. దౌడు తీసేటప్పుడు ఒక్కొక్క అడుగుకు ఒంటికాలి మీద పడే ఒత్తిడి మొత్తం ఒంటి బరువుకు రెండింతలు దాటుతుంది. ఆ దెబ్బను మెత్తబరిచేది ముందుగా ఈ ఉయ్యాలే.

కీళ్ళ సంగతి కొంచెం చూద్దాం. భుజం కీలు గిన్నెలో బంతిలా ఉన్నా, ఇరుపక్కలా కండరాల స్నాయువులు బిగించి పట్టుకోవడం వల్ల ముఖ్యంగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మోచెయ్యి తలుపు బందులాంటిది. మణికట్టులో ఏడెనిమిది చిన్న ఎముకలు రెండు వరసల్లో, ఇటుకలు పేర్చినట్టు ఉంటాయి. దానిలో మూడు అంతస్తుల కీలు. పై రెండూ బాగా వంగుతాయి, కిందిది దాదాపు కదలదు.

ఇక కండరాలు. మీ ముంజేతి మీద ఎడమచేతిని వేసి కుడిచేతి వేళ్ళు ఆడించండి. కదిలేది వేళ్ళు, ఉబ్బేది ముంజేయి. వేళ్ళను ఆడించే పెద్ద కండరాలు వేళ్ళలో లేవు, అవి పైనుండి తాళ్ళతో లాగుతున్నాయి. గుర్రంలో ఈ ఏర్పాటు పరాకాష్ఠకు చేరింది. మోకాలి కింద కాలిని కదిలించే కండ అంటూ లేదు. ఎముక, చర్మం, మధ్యలో తాళ్ళు, రక్తనాళాలు, నరాలు. అంతే. కాలి కొస తేలికైతే దాన్ని వేగంగా ఊపవచ్చు. గుర్రం వేగానికి అదొక కారణం.

ఈ తాళ్ళ పేర్ల దగ్గర మన సరిహద్దు బడి పిల్లలు తికమకపడతారు. కన్నడ పాఠ్యపుస్తకంలో "స్నాయు" అంటే కండరం. తెలుగులో స్నాయువు అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు. పల్లెల్లో దాన్నే "నరం" అంటారు. నిజానికి నరం వేరు, అది మెదడుకూ ఒంటికీ మధ్య కబురు మోసేది. ఎముకను ఎముకతో కట్టేది బంధకం. కండరం, స్నాయువు, నరం, బంధకం, ఈ నాలుగూ వేరువేరు. పశువైద్యుడికి రోగం చెప్పేటప్పుడు ఈ తేడా తెలిసి చెబితే సగం పని అయినట్టే.

గుర్రం మోకాలి కింద వెనకవైపు వేళ్ళతో తడిమితే రెండు గట్టి తాళ్ళు ఒకదాని మీద ఒకటి తగులుతాయి. అవి గిట్టను వెనక్కు ముడిచే స్నాయువులు. వాటికీ ఎముకకూ మధ్య ఇంకొక గట్టి పట్టీ ఉంది. అది పూర్వం కండరమే, ఇప్పుడు దాదాపుగా బంధకంగా మారి కుచ్చు కీలును జోలెలా కింది నుంచి పట్టి నిలుపుతుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలిగేది ఈ పట్టీల పుణ్యమే. భుజం ముందున్న కండరం మధ్యలో కూడా ఒక గట్టి స్నాయువు ఉంది. అది భుజం కూలకుండా ఆపుతుంది. దాని పాయ ఒకటి ముంజేతి ముందు కండరంతో కలిసి మణికట్టు ముడుచుకుపోకుండా ఆపుతుంది. ఇన్ని కట్లు ఉన్నందువల్ల పెద్దగా కండరాల శ్రమ లేకుండానే గుర్రం గంటల తరబడి నిలబడుతుంది. అయితే గాఢనిద్ర కావాలంటే మాత్రం పడుకోవలసిందే. కాబట్టి "గుర్రం పడుకోదు" అని ఇరుకు కొట్టంలో కట్టేయకండి.

అదే కండరం మరొక పనీ చేస్తుంది. 2003లో లండన్ రాయల్ వెటర్నరీ కళాశాల పరిశోధకులు తేల్చిన విషయమిది. కాలు నేల మీద ఉండగా ఆ స్నాయువు వడిసెల తాడులా సాగి బలాన్ని దాచుకొంటుంది. గిట్ట నేల విడవగానే ఆ బలం ఒక్కసారిగా విడుదలై కాలిని ముందుకు విసురుతుంది. అంటే దౌడులో కాలు ముందుకు రావడం కండరం లాగడం వల్ల మాత్రమే కాదు, సాగిన తాడు వదలడం వల్ల కూడా.

కాని సాగే తాడుకు ఒక బలహీనత ఉంది. కండరానికి ఉన్నంత రక్తప్రసరణ స్నాయువుకు లేదు. దౌడులో మోకాలి కింద వెనకవైపున్న స్నాయువు నడిమిభాగం 45 డిగ్రీల దాకా వేడెక్కుతుందని 1994లో ఇంగ్లండులో కొలిచి చూశారు. ఆ వేడికీ, సాగుడుకూ పోగులు తెగితే కాలి వెనకభాగం విల్లులా ఉబ్బుతుంది. అది మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. దాని మీద వాత పెడితే త్వరగా మానుతుందనే నమ్మకం మన దేశంలోనే కాదు, ఇంగ్లండులోనూ ఉండేది. 1983లో అక్కడ వెలువడిన అధ్యయనం వాతల వల్ల స్నాయువుకు మేలు లేదని తేల్చింది. వాత పెట్టాక గుర్రం కొన్నాళ్ళు పనికి రాదు గనుక దానికి విశ్రాంతి దొరుకుతుంది. నయం చేసింది విశ్రాంతి, పేరు వచ్చింది వాతకు.

ఇప్పుడు రక్తనాళాల సంగతి. మన చంకలోంచి చేతిలోకి వచ్చే ధమనిలాగే గుర్రానికీ ఒక పెద్ద ధమని చంకలోంచి బయలుదేరి, మోచేతి లోపలివైపుగా దిగి, మణికట్టు వెనకగా అరచేతి భాగానికి వస్తుంది. కుచ్చు కీలుకు కాస్త పైన రెండుగా చీలి, కీలుకు ఇరుపక్కలా చర్మం కిందనే గిట్టలోకి దిగుతుంది. వైద్యుడు మన మణికట్టు దగ్గర నాడి చూసినట్టు, గుర్రం కాలి నాడిని ఈ కుచ్చు కీలు వెనక ఇరుపక్కలా చూడవచ్చు. చూపుడువేలు, నడిమివేలు మెల్లగా ఆనించి కాసేపు ఓపిక పట్టండి. పెద్ద గుర్రం విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. గిట్ట ఆరోగ్యంగా ఉంటే అక్కడి నాడి చాలా సన్నగా, దొరికీ దొరకనట్టు ఉంటుంది. అది మీ వేలిని గట్టిగా తన్నుతున్నట్టు తెలిస్తే గిట్టలోపల వాపు గాని చీము గాని ఉన్నట్టు అనుమానించాలి. గిట్ట గట్టి పెట్టెలాంటిది. లోపల వాచినా బయటికి ఉబ్బదు. అందుకే బయటి నుంచి చూసినవాడికి అక్కడ రోగం కనిపించదు, కన్ను భుజం మీదికి పోతుంది.

గిట్టలో ఒక సిరల వల కూడా ఉంది. గుర్రం బరువు వేసినప్పుడు ఆ వల నొక్కుకొని రక్తం పైకి పోతుంది, గిట్ట ఎత్తినప్పుడు మళ్ళీ నిండుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ గిట్ట ఒక పంపులా పనిచేస్తుందన్నమాట. రోజంతా కదలకుండా కట్టేసిన గుర్రం కాళ్ళు నీరు పట్టడానికి ఇది ఒక కారణం.

మనకు "ముందరికాళ్ళకు బంధం" అనే జాతీయం ఉంది. గుర్రం విషయంలో అది మాట వరసకు అనేది కాదు. మేతకు వదిలేటప్పుడు సన్నటి తాడుతో ముందుకాళ్ళు బిగించి కడతారు. ఆ తాడు కింద కండ లేదని ఇప్పుడు మనకు తెలుసు. అది నేరుగా ధమనుల మీద, స్నాయువుల మీద ఒరుసుకుంటుంది. బంధం తప్పనిసరైతే వెడల్పాటి మెత్తని గుడ్డపట్టీ వాడండి, రాత్రి విప్పేయండి.

ఇక కుంటుతున్న కాలు ఏదో తెలుసుకోవడం. గుర్రాన్ని గట్టినేల మీద, తాడు వదులుగా పట్టి మెల్లగా పరుగెత్తించండి. తలను చూడండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు తగిలినప్పుడు గుర్రం తల ఎత్తుతుంది, బాగున్న కాలు మోపినప్పుడు తల దించుతుంది. నిలబడి ఉన్నప్పుడు వెనకకాలు మార్చి మార్చి సడలించడం సహజం. అదే ముందుకాలును ముందుకు చాచి బరువు వేయకుండా నిలబడితే అది నొప్పికి గుర్తు.

కాలు తెలిశాక కింది నుంచి పైకి చూడండి. ముందుకాలి కుంట్లలో ఎక్కువ భాగం గిట్టలోనే ఉంటాయి. గిట్ట ఎత్తి మట్టి దులిపి చూడండి. రాయి ఇరుక్కుందా, మేకు దిగిందా? అరచేతి వెనకవైపు ఆనించి రెండు గిట్టల వేడినీ పోల్చండి. తర్వాత నాడి చూడండి. తర్వాత స్నాయువులను తడమండి, ఆ తర్వాత మోకాలు, చివరకు భుజం. మేకు దిగి ఉంటే ఆ చోటు గుర్తుపెట్టుకొని వైద్యునికి చూపండి. గుర్రానికి ధనుర్వాతం సులువుగా సోకుతుంది. చిన్న మేకు రంధ్రం చాలు, వాత పుండు కూడా చాలు, ప్రాణం మీదికి వస్తుంది. ధనుర్వాతపు సూది తప్పక వేయించాలి.

మరొక ప్రమాదం మన జొన్న కళ్ళాల్లో పొంచి ఉంటుంది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అంటారు. రాత్రి తాడు తెంపుకొని ధాన్యం రాశి మీద పడి కడుపునిండా తిన్న గుర్రానికి మర్నాడో, మూడోనాడో రెండు ముందు గిట్టలూ వేడెక్కుతాయి. నాడి గట్టిగా కొడుతుంది. ముందుకాళ్ళు చాచి, బరువంతా వెనక్కు వేసి, అడుగు తీసి అడుగు వేయలేకపోతుంది. వేలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే ఐదారు వందల సన్నటి పొరలు వాచి విడిపోతున్నాయన్నమాట. ఆలస్యమైతే ఎముక లోపలే కిందికి దిగిపోతుంది. ఇది వేచి చూసే జబ్బు కాదు. ధాన్యం తిన్నదని తెలియగానే, కుంటు కనిపించక ముందే వైద్యుణ్ణి పిలవండి. దాణా ఆపండి, నడిపించకండి, గిట్టలను చల్లటి నీళ్ళలో ఉంచండి, మెత్తటి నేల మీద నిలబెట్టండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

చట్టం కూడా ఈ కాళ్ళను గురించి ఆలోచించింది. బండికి కట్టే, బరువు మోసే పశువుల కోసం 1965లో చేసిన నియమాల ప్రకారం తట్టువ వీపు మీద 70 కిలోలకు మించి వేయకూడదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పనికి కట్టకూడదు. మన రాయచూరు వేసవి సంగతి మీకు వేరే చెప్పాలా?

శ్రోతలారా, మన చేతికి దెబ్బ తగిలితే "ఇక్కడ నొప్పి" అని చూపిస్తాం. గుర్రానికీ అదే చెయ్యి ఉంది, చూపించే నోరే లేదు. ఒక్క వేలి గోరు మీద మన పెళ్ళికొడుకును, మన గుడారాన్ని మోస్తోంది. ఆ కాలు కుంటిన నాడు కడ్డీ కాల్చక ముందు గిట్ట ఎత్తి చూడండి, నాడి పట్టి చూడండి. కింది నుంచి పైకి చూడండి.